పెట్టెలోకి ఎక్కని ఇనపచువ్వ

కోనసీమలో తప్పిపోయిన కాగితం ఏదైనా మళ్ళీ దొరికిందంటే అది నా చలవే. అరల బీరువా నా బుర్రలో పుట్టింది. చీట్లకు కొబ్బరి ఈనె గుచ్చే పద్ధతి నేనే కనిపెట్టాను. నన్ను అడగకుండా ముగ్గురు అధికారులు సంతకం పెట్టేవారు కారు.

ఈ మాటలు నా పదవీ విరమణ సభలో, మెడలో బంతిపూల దండ ఉండగా చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ దండ వాడిపోయి చాలా ఏళ్ళయింది కాబట్టి ఇప్పుడు సరిచేస్తాను. బీరువా ఆలోచన మా పై ఆయనది, అదీ ఒక ఆయుర్వేద వైద్యుడి మందుల సొరుగులు చూసి వచ్చింది. ఈనె మా వీర్రాజుది. ఆ ముగ్గురు అధికారుల్లో ఇద్దరికి నా పేరు కూడా తెలియదు. మూడో ఆయనకు తెలిసింది. ఎందుకు తెలిసిందో చెప్పడానికే ఇదంతా.

మా చెల్లెలి మనవడు ఒకడు కంప్యూటరు భాషలు తయారుచేసే చోట పనిచేస్తున్నాడు. కొత్త భాషతో పాటు, సమాచారం పేర్చుకునే ఏయే వరసలు, అరలు, దొంతరలు అందరికీ కట్టి ఇవ్వాలి, ఏవి ఎవరికి కావాలంటే వాళ్ళు చేసుకోవాలి అని వాళ్ళలో వాళ్ళు ఏడాదిగా వాదించుకుంటున్నారట. "ఏడాదా? మేం కాగితాలకి ఇదే పని వారంలో తేల్చేశాం" అన్నాను. వారం కాదు, అయిదు నెలలు పట్టింది. ఆ అయిదు నెలలే నాకు ఈ పని నేర్పాయి. అందుకే రికార్డు గదుల్లోకి వచ్చే పిల్లల కోసమూ, వాడిలాంటి వాళ్ళ కోసమూ ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. అవి వస్తే వస్తాయి, లేకపోతే రావు.

గది, గదిలో ముగ్గురం

ఏ ఊరి కచేరీయో చెప్పను. పెంకుల ఇల్లు, ముందు వరండా, వెనక రికార్డు గది. యుద్ధం అయిపోయిన రెండు మూడేళ్ళకు అక్కడ తాత్కాలిక గుమాస్తాగా చేరాను. సముద్రం అక్కడికి దూరమే కానీ ఉప్పుగాలికి ఆ సంగతి తెలియదు. కొత్త తాళంచెవి రెండు నెలల్లో ఎర్రబడేది.

రికార్డు కీపరు భుజంగరావు గారు. సన్నటి మనిషి, పొడుం డబ్బా, ముతక ఖద్దరు కోటు. ఆయన నన్ను పొగిడిన సందర్భాలు చెప్పమంటే ఒకటి చెప్పగలను, అది కూడా వేరే వాళ్ళ ద్వారా విన్నదే. రెండో మనిషి వీర్రాజు. అతను దఫ్తరీ, అంటే కాగితాలు కుట్టి, అట్టలు వేసి, కట్టలు కట్టే పని. చదువు అక్షరాలు కూడబలుక్కునే వరకే, కానీ ఏ కట్ట ఎక్కడుందో చేత్తో తడిమి చెప్పేవాడు. మూడోవాణ్ణి నేను. సంతకం బాగా పెడతానని నాకు పేరు.

మా కింద పదకొండు చిన్న కచేరీలు ఉండేవి. ఒక్కొక్క చోట ఒక్కొక్క పద్ధతి. ఒకాయన కాగితాలను సైజును బట్టి పేర్చేవారు, చూడముచ్చటగా ఉండేది, ఒక్కటీ దొరికేది కాదు. ఇంకొకాయన అన్నీ జ్ఞాపకం మీద నడిపేవారు. ఆయనకు జ్వరం వస్తే కచేరీకి జ్వరం వచ్చినట్టే.

అప్పుడు కొత్తగా ఒక డిప్యూటీ గారు వచ్చారు. మద్రాసులో చదువుకున్నవారు, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. మా ముగ్గురినీ పిలిచి ఇలా అన్నారు.

"ఒక గుమాస్తాను ఇంకో కచేరీకి మారిస్తే ఆరు నెలల పాటు ఏమీ కనిపించడం లేదు. ఇలా కుదరదు. ప్రతి కచేరీకి ఒకే రకం పెట్టె పంపుదాం. కాగితాలు ఉంచుకోవడానికి ఏమేమి కావాలో అందులో ఉండాలి. పెట్టెలో ఉన్న ప్రతి వస్తువూ ప్రతి గుమాస్తా నేర్చుకోవాలి. లేనిది కావాలంటే ఎవరికి వారు చేసుకోవచ్చు, దానికి మన బాధ్యత లేదు. పెట్టెలో ఏముండాలో మీరు తేల్చండి."

భుజంగరావు గారు బయటికి వచ్చి పొడుం పీల్చి, "పెట్టడం తేలికేనయ్యా. ఓసారి పంపేక వెనక్కి తెప్పించడం మన వల్ల కాదు" అన్నారు.

ఏవి లోపలికి, ఏవి బయటికి

బైండు పుస్తకం మీద పేచీ లేదు. మారని వాటికి అంతకు మించింది లేదు, వరస సంఖ్య చెబితే చెయ్యి తిన్నగా ఆ గీత మీదికే వెళుతుంది. కానీ మధ్యలో ఒక పేరు మరిచిపోతే చచ్చామే. ఒక పాత పుస్తకంలో మరిచిన పేరును అంచున రాశారు, దాని తర్వాత మరిచినదాన్ని ఆ అంచుకు అంచున అడ్డంగా రాశారు, ఆ తర్వాతిది చదవాలంటే పుస్తకం కాదు, మన తల తిప్పాలి.

దానికి విరుగుడుగా వీర్రాజు చీట్లు చేశాడు. ఒకే కొలత చీట్లు, ఒక మూల చిల్లు, అన్నింటిలోంచి ఒక ఎండు కొబ్బరి ఈనె. కొత్త పేరు వస్తే ఈనె లాగి, కావలసిన చోట చీటీ దూర్చి, మళ్ళీ గుచ్చడమే. ఫలానా చీటీ కావాలంటే మాత్రం మొదటి నుంచీ ఒక్కొక్కటే తిప్పుకుంటూ పోవాలి. భుజంగరావు గారు రెండు రోజులు తిప్పి చూసి, "మారేవాటికి ఇది, మారనివాటికి పుస్తకం" అని రెండింటినీ లోపలికి పంపారు.

అరల బీరువా దగ్గర ఒక వారం పోయింది. ఇంటిపేరు మొదటి అక్షరాన్ని బట్టి అరలో పెడితే వెతకక్కర్లేదు, తిన్నగా ఆ అరకే చెయ్యి. అయితే మా దగ్గర "ప" అర ఉబ్బిపోయి తలుపు పడేది కాదు. "ఱ" అరలో వీర్రాజు తమలపాకులు దాచుకునేవాడు. ఏటి అవతలి కచేరీలో చూస్తే "ప" ఖాళీ, "క" కిటకిట. అక్షరాలు ఎలా పంచాలా అని నేను అయిదు రకాల పట్టికలు వేశాను. భుజంగరావు గారు అయిదూ చూశారు.

"బీరువా ఇద్దాం. అరల మీద అక్షరాలు మాత్రం మనం రాయొద్దు. ఏ వూరి పేర్లు ఆ వూరివాళ్ళకి తెలుస్తాయి. వాళ్ళు అంటించుకుంటారు."

నా అయిదు పట్టికలూ వీర్రాజు అట్టల లోపల అతికించడానికి పనికొచ్చాయి.

వంశవృక్షం కాగితం కూడా పెట్టెలో ఉండాలని నేను పట్టుబట్టాను. పలివెల వైపు ఒక కుటుంబానిది అయిదు తరాలు, కొమ్మలు రెమ్మలతో సహా, మంచం దుప్పటి అంత కాగితం మీద గీసి తెచ్చాను.

"ఎన్ని కచేరీలు అడిగేయయ్యా దీన్ని?" అన్నారు భుజంగరావు గారు.

"ఎవరూ అడగలేదండీ. చూస్తే అడుగుతారండీ."

"చూస్తే మా మనవడు మిఠాయి కొట్టంతా అడుగుతాడు. తగాదా ఉన్నవాళ్ళు ఎలాగూ గీసుకుంటారు. లేనివాళ్ళకి ఇచ్చేవంటే గీసి చూసుకుని మరీ తెచ్చుకుంటారు."

మూడు కచేరీలు విడివిడిగా, మనం చెప్పకుండా, తమ కష్టం కొద్దీ అడిగినదైతేనే లోపలికి. అది ఆయన పెట్టుకున్న కట్టుబాటు. ఇంత కటువైన మనిషి చేతి కింద పడ్డానే అని అప్పుడు ఏడ్చుకున్నాను. ఇప్పుడు ఆయన ఫోటో దొరికితే బాగుండునని వెతుకుతున్నాను.

నా చువ్వ

ఇక నా ముద్దుబిడ్డ. చిన్న చెక్కపీట, దానికి నిలువుగా బిగించిన జానెడు ఇనపచువ్వ. వచ్చిన కాగితాన్ని చువ్వకు గుచ్చెయ్యడమే. కుట్టక్కర్లేదు, దారం అక్కర్లేదు, గాలికి ఎగరదు.

దాని గొప్ప చూపించే అవకాశం తనంతట తానే వచ్చింది. కాట్రేనికోన అవతల గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక పాలెం ఉండేది, అంతా చేపలు పట్టుకునే కుటుంబాలు. ఆ ఏడు సముద్రం ముందుకు వచ్చి ఆ పాలేన్ని తినేసింది. లోపలగా, మెరక మీద ఇళ్ళ స్థలాలు ఇస్తామని దొరతనంవారు చెప్పారు. స్థలాలు ఇరవై నాలుగు. ముందు వచ్చినవారికి ముందు. పాలెం పాలెమంతా ఒకే రోజు అర్జీలు పట్టుకుని వచ్చింది. డిప్యూటీ గారు వరండాలో నిలబడి చూస్తున్నారు. నేను అందుకున్న అర్జీని అందుకున్నట్టు గుచ్చుతూ పోయాను. ముప్పై ఒక్క అర్జీలు. అన్నింటి మీదా ఒకే తేదీ ముద్ర.

"బాగుంది. దీన్ని పెట్టెలో పెట్టండి" అన్నారు డిప్యూటీ గారు.

వీర్రాజు నసిగాడు. "ఉప్పుగాలికి తుప్పు పట్టుద్దండీ సూరిబాబుగారూ. చిల్లు చుట్టూ కాగితాన్ని తినేస్తదండి."

"ఇత్తడిది వేయిద్దాం" అన్నాను నేను, అప్పటికే పెట్టె మీద నా పేరు చెక్కించినంత ధీమాగా.

భుజంగరావు గారు మాత్రం, "ఇంకాస్త ఆలోచించాలండీ" అన్నారు.

"ఎందుకు?" అడిగారు డిప్యూటీ గారు.

"తెలియదండీ. మరీ సులువుగా ఉందండీ."

ఆ వారంలోనే చువ్వ మీంచి ఒక్కొక్క అర్జీ తీసి, వరసగా ఇరవై నాలుగు పేర్లకు పట్టాలు రాశాను. మిగిలిన ఏడూ చువ్వకే ఉన్నాయి. పట్టాలు సంతకానికి లోపలికి వెళ్ళాయి. డిప్యూటీ గారు గురువారం సంతకాలు పెడతారు. నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం కూడా ఆ బల్ల మీదే ఉంది.

సత్తెమ్మ

సోమవారం పొద్దున ఒకావిడ వచ్చింది. సత్తెమ్మ అని, ముప్పై ఏళ్ళుంటాయేమో. భర్త వలకు వెళ్ళి తిరిగి రాలేదు. ఆవిడా, చూపు ఆనని అత్తగారూ ఒడ్డున తిరగేసిన పడవ కింద కాపురం ఉంటున్నారు.

"నా పేరుందాండి బాబూ?"

నేను పట్టిక చూశాను. "లేదమ్మా. ముందు వచ్చినవాళ్ళకి అయిపోయేయి."

"నాకంటే ముందెవరొచ్చేరండి? ఆళ్ళంతా పడవలో వచ్చేరు. నేను చీకటితో లేచి నడిచొచ్చేను. ఈ తలుపు తీసింది మీరే కదండి. నన్ను చూసి ఇంకా చీపురు కూడా పట్టలేదు, అప్పుడే వచ్చేసేవా అన్నారు."

అన్నాను. గుర్తుంది.

ఆవిడకు నచ్చజెప్పడానికి చువ్వ తెచ్చి చూపించాను, చూడమ్మా ఇందులో పొరపాటుకు చోటు లేదు అని. ఆవిడ దాన్ని కింది నుంచి పైకి చూసింది.

"నాది ముందు గుచ్చేరాండి?"

"ఆఁ, నీదే ముందు."

"మరి నాది అడుగునే కదండీ ఉంటది. మీరు పైనించి తీసేరా?"

నేను చువ్వను నా వైపు తిప్పుకున్నాను.

"గంపలోనూ అంతేనండి. ముందేసిన చేప అడుక్కి పోద్ది. పైనించి అమ్ముకుంటా పోతే అది కుళ్ళిపోద్దండి. అందుకే రేవులో దిగ్గానే గంప బోర్లించేస్తామండి."

"కచేరీ వేరు, చేపల గంప వేరు" అన్నాను, అక్కర్లేనంత గట్టిగా.

"ఆయ్. మీరు చదూకున్నోరండి" అని లేచి కొంగు దులుపుకుంది. వెటకారం లేదు ఆ మాటలో. ఉంటే నాకు తేలికగా ఉండేది. "వానలు దగ్గరికొచ్చేయండి బాబూ. పడవ వేరేవోళ్ళది, వచ్చే సోమారం తిరగేసి ఏట్లోకి తోసేత్తామన్నారు. కొంచెం చూడండి" అని వెళ్ళిపోయింది.

మూడు రోజులు

ఆ సాయంత్రమే పరిగెత్తి వెళ్ళి నిజం చెప్పేశానని చాలామందికి చెప్పాను. అబద్ధం. సోమవారం చెప్పలేదు. మంగళవారం చెప్పలేదు. అందరూ ఒకే రోజు వచ్చారు కదా, తేదీ ఒకటే కదా, ఎవరు కాదంటారు అని నన్ను నేను సముదాయించుకున్నాను. పొద్దున్నే నడిచి వచ్చిన ఏడుగురి కాగితాలు అడుగున ఉన్నాయి. పడవలో తీరిగ్గా దిగిన వాళ్ళకు పట్టాలు రాసి ఉన్నాయి. ఎవరు ముందో చెప్పే సాక్ష్యం లోకంలో ఆ చువ్వ ఒక్కటే. అది నా బల్ల మీద ఉంది. దాన్ని దులిపి కాగితాలు కలిపేస్తే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన కూడా వచ్చింది. రాలేదని రాస్తే ఈ కాగితం దండగ.

బుధవారం భుజంగరావు గారికి చెప్పాను. అంతా విన్నారు. వీర్రాజు పక్కనే అట్టకు జిగురు రాస్తున్నాడు, సోమవారం సత్తెమ్మ మాటలన్నీ అతనూ విన్నాడు.

"నేను వెళ్ళి చెప్పనయ్యా. చువ్వ నాది కాదు" అన్నారు భుజంగరావు గారు. నా ముఖం చూసి, "నువ్వు లోపలికెళ్తే గుమ్మం దగ్గర నేను నిలబడతాను. అంతవరకే" అన్నారు.

అంతవరకే అన్న ఆ మాటకు నేను ఈ రోజు వరకూ రుణపడి ఉన్నాను.

వెళ్ళాను. చువ్వ బల్ల మీద పెట్టి సంగతంతా చెప్పాను. డిప్యూటీ గారు దాన్ని అటూ ఇటూ తిప్పారు. చువ్వకు మిగిలిన ఏడు పేర్లూ అడుగు నుంచి చదివి, నేను రాసిన పట్టాల వరసతో సరిచూశారు. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

"ఈ తప్పు ఎవరు కనిపెట్టారు?" అన్నారు చివరికి.

"నేనేనండీ" అన్నాను.

గుమ్మం దగ్గర భుజంగరావు గారు దగ్గారు. పొడుం వల్ల కాదు.

డిప్యూటీ గారు ఆ రోజే నా ఉద్యోగం ఖాయం చేశారు. తన తప్పు తానే పట్టుకున్న మనిషి అని కాగితం మీద రాశారు కూడా. నేను అందరికీ చూపించుకున్న కాగితం అదే. అందులో ఉన్న మాట సత్తెమ్మది, కింద ఉన్న పేరు నాది. నిజం చెప్పడానికి వెళ్ళి అందులో కూడా ఒక అబద్ధం దూర్చి వచ్చినవాణ్ణి నేను ఒక్కణ్ణే అయి ఉంటాను.

పట్టాలు తిరగరాశాం. చువ్వకు అందరికంటే పైన ఉండిన, ఆఖరున వచ్చిన ఏడుగురి పేర్లు పోయాయి. వాళ్ళకు మరుసటి ఏడు కాలవ గట్టున స్థలాలు దొరికాయి, కానీ ఆ ఏడాది వానల్లో వాళ్ళు తడిశారు. వాళ్ళలో ఒకాయన కాట్రేనికోన సంతలో పదిమందిలో నన్ను నిలబెట్టి తిట్టాడు. నిలబడి విన్నాను.

పెట్టె మూసిన రోజు

ఆ తర్వాత నేను పూర్తిగా చువ్వకు ఎదురు తిరిగాను. చువ్వ అనేది లోకంలో ఉండకూడదన్నాను. భుజంగరావు గారు తన బల్ల కింద నుంచి ఒకటి తీసి చూపించారు. ఆయన దగ్గర పదేళ్ళుగా ఉందట!

"చువ్వ చెడ్డది కాదయ్యా. ఒక పని చేస్తుంటే మధ్యలో ఇంకోటి తెస్తారు. మొదటిది గుచ్చేసి రెండోది చూస్తాను. అదయ్యేక చువ్వ మీద పైనున్నది తీసుకుంటాను. నా చేతిలో ఆగిపోయిన పనికి అదే సరైన వరస. గుమ్మంలో నిలబడ్డ మనుషులకి కాదు."

"అయితే పెట్టెలో పెట్టి, దేనికి వాడాలో రాసి పంపుదామండీ."

"ఎవరు చదువుతారయ్యా? పెట్టె తెరిస్తే ముందు చేతికి తగిలేది అదే. అన్నింటికీ దాన్నే వాడతారు. నువ్వు వాడలేదూ?"

చివరికి లోపలికి వెళ్ళినవి నాలుగు. బైండు పుస్తకం, ఈనె గుచ్చిన చీట్లు, అక్షరాలు రాయని అరలు, వీర్రాజు కొత్తగా చేసిన దారం కట్ట. ఆ కట్టకు రెండు వైపులా అట్టలు. కొత్త కాగితం వెనక వైపు నుంచే ఎక్కుతుంది, పని ముందు వైపు నుంచే జరుగుతుంది. వేరేలా వాడదామన్నా ముడి ఒప్పుకోదు. పొరపాటు చెయ్యొద్దని రాసి అంటించే బదులు, పొరపాటు చెయ్యడానికి కష్టమయ్యేలా ముడి వేశాడు వీర్రాజు. నా ఉద్యోగమంతా కలిపి అంత మంచి పని నేను చెయ్యలేదు.

పిల్లలకు నేను చెప్పగలిగింది ఇంతే. మీరు పెట్టెలో పెట్టిన వస్తువు మీ ఎదుట ఉండదు. మీరు ఎన్నడూ చూడని గుమాస్తా, ఎన్నడూ చూడని మనిషి కాగితాన్ని దానికి గుచ్చుతాడు. పెట్టెలో ఉంది కాబట్టి మంచిదే అనుకుంటాడు. నాలుగు చాలా, అయిదు కావాలా అని మీరు కొట్టుకోవడం మంచిదే. కొట్టుకోండి. కానీ ప్రతి దాన్నీ పట్టుకుని, దీనివల్ల ఎవరు అడుగున పడిపోతారు అని ఒక్కసారి అడగండి.

మెరక మీద

పట్టాలు పంచడానికి నేనే వెళతానని అడిగి వెళ్ళాను. ఆదివారం, పడవ తిరగేస్తామన్న ముందురోజు. స్థలాల్లో ఏది కావాలో వరస ప్రకారం కోరుకోవచ్చు. మొదటి పిలుపు సత్తెమ్మది. అత్తగారిని చెయ్యి పట్టుకుని తీసుకువచ్చింది. అందరూ బాట పక్క స్థలం తీసుకుంటుందనుకున్నారు. ఆవిడ అన్నీ తిరిగి, చివరన ఇసకమెట్ట మీదున్నది చూపించింది.

"బాట దూరమవుతుంది కదమ్మా" అన్నాను.

"బాట రాపోతే నేనెళ్తానండి. సముద్రం మళ్ళీ రాకుండా ఉంటే చాలండి."

సంఖ్య రాసుకున్నాను. ఎవరూ దగ్గర లేనప్పుడు గొంతు తగ్గించి చెప్పాను. "సత్తెమ్మా, నువ్వు చెప్పిన గంప మాట నేనే కనిపెట్టేనని పైవాళ్ళ దగ్గర చెప్పుకున్నాను. దానివల్ల నా ఉద్యోగం ఖాయమైంది."

ఆవిడ నవ్వింది. "చెప్పుకోండి బాబూ. ఆ మాట నాది మాత్రం ఎక్కడదండి, ఇదిగో, మా అత్తది. పెళ్ళైన కొత్తలో గంప బోర్లించలేదని నాకు మొట్టికాయేసి మరీ నేర్పింది."

అత్తగారు ఎటో చూస్తూ, "మొట్టికాయ కాదు, రెండు" అన్నారు.

వేలిముద్ర కోసం పుస్తకం తెరిచాను. సత్తెమ్మకు చదువు రాదు.

"ఇందులో నేనెక్కడున్నానండి?"

పేజీ మీద మొదటి గీత చూపించాను. సిరా అంటిన బొటనవేలు పక్కన పెట్టి, రెండో చేతి చూపుడువేలు ఆ గీత మీద ఆనించింది. తర్వాత అత్తగారి చెయ్యి అందుకుని, ఆ వేలిని కూడా అక్కడికే తీసుకువచ్చి ఆనించింది.

"ఇక్కడే అత్తా. అన్నిటికంటే పైన."